మా ఇకిన్ పుట్టించిన బెలో జాతి

మా తమ్ముడి పేరు ఇకిన్ సొదికిన్. నవ్వకండి. జావాలోని మా లెంబాంగ్‌లో సగం మంది పేర్లు ఇలాగే ఉంటాయి. ఇంటిపేర్లు లేని లోటును ఉన్న పేరునే రెండుసార్లు పలికి తీర్చుకుంటాం. వాడు పుట్టగానే మంత్రసాని ముక్కూ చెవులూ చూడకుండా ముందు కళ్లే చూసి "బెలో! బెలో!" అని కేకవేసిందట. మా వైపు పెద్ద పెద్ద గుండ్రటి కళ్లను బెలో అంటారు. పసిపిల్లలను చూసినా, పెళ్లికూతురిని చూసినా అనే ముద్దు మాట అది. మావాడి విషయంలో ఆ ముద్దు కాస్త శ్రుతి మించింది. యాభై ఏళ్లొచ్చినా వాడు మామూలుగా చూస్తుంటే ఎవరో వెనకనుంచి గిల్లినట్టే ఉంటుంది.

నేను వాడి అక్కను, ఓనాను. రోడ్డుకు ఈ పక్క నా కొట్టు. కుందేలు మాంసం ముక్కలు పుల్లలకు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి, వేరుశనగ పచ్చడితో పెడతాను. ఆ పక్క వాడి పాక. ముద్దుగా పెంచుకునేవాళ్లకు కుందేలు పిల్లల్ని అమ్ముతాడు. బాండుంగ్ నుంచి కార్లలో వచ్చేవాళ్లు వాడి దగ్గర "అబ్బ, ఎంత బుజ్జిగా ఉందో!" అని కరిగిపోయి, రోడ్డు దాటి నా దగ్గరికొచ్చి తలా పది పుల్లలు లాగించి పోతారు. దానికి వాడు నన్ను తిట్టని రోజు లేదు.

"తేతే, ఆ పొగ కాస్త అటు విసురు. నా పిల్లలకు వాళ్ల మేనమామ వాసన తెలిసిపోతోంది" అనేవాడు.

"తెలిస్తే మంచిదేరా. బుద్ధిగా ఉంటాయి" అనేదాన్ని.

తేతే అంటే అక్కే. పిలుపు మర్యాదగానే ఉంటుంది, దాని తర్వాత వచ్చేదే మర్యాద తప్పుతుంది.

ఇకిన్‌కు జీవితంలో కావలసింది ఒక్కటే. తన పేరు మోసేది ఒకటి లోకంలో ఉండాలి. "ఇది ఇకిన్‌ది" అని నలుగురూ అనాలి. దానికోసం వాడు వేయని వేషం లేదు. నుదుటి మీద బొడిపె ఉన్న చేపలను పెంచి ఊరంతా బాగుపడ్డాక వీడు గాజు తొట్టె కొన్నాడు. అప్పటికి ఆ చేపల్ని వేపుడుకు కూడా ఎవరూ అడగడం లేదు. తర్వాత వెడల్పాకుల కుండీ మొక్కలన్నాడు. ఆ తర్వాత ఉంగరాల్లో పొదిగే రంగురాళ్లన్నాడు. వీడు సానరాయి తెచ్చుకునేసరికి జనం ఉంగరాలు తీసి సొరుగుల్లో పడేశారు. ఈ దేశంలో ఏ పిచ్చి పుట్టినా చావడానికి మాత్రం మా ఇకిన్ ఇంటికే వచ్చేది. పెళ్లి కూడా అలాగే ఆలస్యమై, ఆలస్యమై, ఇక అడగడం మానేశాం.

అలాంటివాడి పాకలో ఒకనాడు ఒక తెల్ల కుందేలు కాన్పులో ఒక మగపిల్ల పుట్టింది. వాడి కుందేళ్లన్నీ తెల్లవే, కళ్లు ఎర్రటి ఎరుపు. ఇది కూడా అలాగే ఉండేది. మూడు నెలలు దాటాక మాత్రం దాని కళ్లు పెరగడం మొదలుపెట్టాయి. ఒళ్లు పెరగడం చూశాం, చెవులు పెరగడం చూశాం, కళ్లు ఇలా పెరగడం ఎవరూ చూడలేదు. ఎరుపు మీద లేత నీలిపొర కమ్మి అదో రకం వంగపండు రంగు తేలింది. ఇకిన్ దాన్ని చంకనేసుకుని ట్రాఫిక్‌కు అడ్డంపడి నా కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు.

"తేతే! చూడు! దీనికి నా కళ్లొచ్చాయి!"

"నీ కళ్లు దానికెలా వస్తాయిరా? నలుగురూ వింటున్నారు, సిగ్గులేకపోతే సరి!"

"పెంచిన చెయ్యి తేతే, పెంచిన చెయ్యి!"

దానికి బెలో అని పేరు పెట్టాడు. ఇక ఆ కళ్లను జాతిగా నిలబెట్టాలని పట్టుబట్టాడు. బెలోను దాని చెల్లెలితో కలిపాడు, పుట్టిన పిల్లల్ని తిరిగి బెలోతో కలిపాడు, వాళ్ల పిల్లల్ని వాళ్లలో వాళ్లకే ఇచ్చుకున్నాడు. కొన్నాళ్లకు ఆ పాకలో చుట్టరికాలు ఎలా తయారయ్యాయంటే, ఒకదానికి తండ్రీ తాతా ఒక్కడే, ఇంకొకదానికి మేనత్తే సవతి తల్లి. మనుషుల్లో అయితే ఊరు వెలేసేది. కానీ ప్రతి కాన్పులోనూ పెద్దకళ్ల పిల్లలు రావడం మొదలైంది. ఇకిన్ పాక ముందు ఆకుపచ్చ బోర్డు వేలాడదీశాడు, 'అసలైన బెలో, ఇకిన్ జాతి' అని. ఆ రోజు వాడి నడక చూడాలి, జిల్లా పాలకుడు పర్యటనకు వచ్చినట్టు.

బెలోల లక్షణాలు వచ్చినవాళ్లందరికీ వాడే వర్ణించి చెప్పేవాడు.

"మిగతా కుందేళ్లు చెయ్యి చాపితే పారిపోతాయి కదమ్మా? ఇవి పారిపోవు. ఎంత సాధువులో! పుట్టుకతోనే నెమ్మది."

"మరి తిండి గిన్నెకు తగులుకుంటోందేంటి?" అని ఎవరో పిల్ల అడిగింది.

"గొప్పింటి పిల్లలమ్మా. కిందికి చూసి నడవరు."

"గోడకు తల ఆనించి కూర్చుందే?"

"ధ్యానం."

తిండి సగం వదిలేస్తే అది ఒళ్లు నాజూకుగా ఉంచుకోవడం. ఏం చేసినా వాడి దగ్గర ఒక గొప్ప మాట సిద్ధంగా ఉండేది. నేను కూడా నమ్మాను, ఎందుకు దాచాలి! చూడ్డానికి అంత బాగుండేవి మరి.

ఇలా ఉండగా జకార్తా నుంచి పాక్ విర్యా, అంటే విర్యాగారు, అనే వ్యాపారి దిగాడు. పెద్దమనిషి, మెత్తటి మాట, మెత్తటి చెప్పులు. బెలోలను చూసి మురిసిపోయాడు. పెంపకానికి ఆడామగా జతలు కావాలన్నాడు. తన దగ్గర పిల్లలు పెట్టించి జావా అంతటా అమ్ముతానన్నాడు.

"పేరు మాత్రం మీదే ఉంచుతాను, మాంగ్ ఇకిన్. జావా ఆ చివర సురబాయాలో అమ్మినా 'బెలో ఇకిన్' అనే అమ్ముతాను. నెలాఖరు ఆదివారం బండి తెస్తాను. ఈలోగా ఒక పశువుల డాక్టరుకు చూపించి పెట్టండి, మామూలు లాంఛనం."

మాంగ్ అంటే మావైపు బాబాయ్. ఆ మాట విన్నాక మా ఇకిన్ కాళ్లు నేలమీద లేవు. సురబాయా, సురబాయా అని జపం. నా కొట్టులో తినేవాళ్ల ప్లేట్లు ముందుకు లాగి మరీ చెప్పాడు.

డాక్టర్ రెంగ్గనిస్ వచ్చింది. మా ఊరి ఆవులన్నీ ఆ అమ్మాయికి తెలుసు. బెలోను ఒళ్లో పెట్టుకుని ఒక కంట్లోకి లైటు వేసింది, ఇంకో కంట్లోకి వేసింది. కంటి ముందు వేలు ఆడించింది. బెలో కదల్లేదు. వేలు దాదాపు కనుగుడ్డుకు తగిలేదాకా తెచ్చింది. బెలో అప్పటికీ రెప్ప వేయలేదు.

"చూశారా ఎంత సాధువో!" అన్నాడు ఇకిన్.

"మాంగ్, దీనికి కనిపించడం లేదు" అంది డాక్టర్.

నేను రోడ్డు దాటి వచ్చి నిలబడి ఉన్నాను, చేతిలో విసనకర్ర.

"ఇంత పెద్ద కళ్లకు కనిపించకపోవడం ఏంటి డాక్టరమ్మా? నా కంటే పెద్దవి!"

"పెద్దవి అయ్యాయనే కనిపించడం లేదు. మీ పెరట్లో చేపల గుంట ఉంది కదా? దానికి నీళ్లు ఎలా వస్తాయి?"

"వెదురు బొంగు లోంచి."

"ఎలా పోతాయి?"

"అవతల తూము ఉంది."

"తూము మూసుకుపోయి, బొంగు మాత్రం ఆగకుండా పోస్తూ ఉంటే?"

"గుంట ఉబ్బుతుంది. గట్టు మీద ఒత్తిడి పడుతుంది. మొన్న వానలకు..." అంటూ ఇకిన్ ఆగాడు. వాడి కళ్లు ఇంకా పెద్దవయ్యాయి.

"అదే. కంటి లోపల కూడా నీళ్లు ఊరుతూ ఉంటాయి. కన్నీళ్లు కావు, లోపలి నీళ్లు. వాటికీ ఓ తూము ఉంటుంది. వీటికి పుట్టుకతోనే ఆ తూము సరిగ్గా ఏర్పడలేదు. నీళ్లు ఊరుతున్నాయి, పోవడం లేదు. పసికన్ను మెత్తన కాబట్టి రబ్బరు బుడగలా సాగింది. ఆ ఒత్తిడికి లోపల చూపు నరం చచ్చిపోయింది. నీలిపొర కూడా అందం కాదు మాంగ్, అద్దానికి పట్టిన నీటి చెమ్మ లాంటిది."

"అయితే తూములో సన్నటి పుల్ల పెట్టి..."

"పుల్ల గిల్ల అన్నారంటే ఆ పుల్లతోనే మీకు వాత పెడతా!"

"తమలపాకు నీళ్లతో కడిగితే?"

"బయట కడిగితే లోపలి తూము తెరుచుకోదు."

ఇకిన్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "దీనికి పుస్తకాల్లో ఏమైనా పేరుందా డాక్టరమ్మా?"

"ఉంది. ఎద్దు కన్ను అంటారు."

వాడి మొహం వెలిగిపోయింది. "విన్నావా తేతే? పుస్తకాల్లో కూడా ఎక్కింది మన జాతి! ఎద్దు కన్ను! బెలో కంటే ఘనంగా ఉంది!"

"అది రోగం పేరురా మొద్దూ!" అని విసనకర్రతో ఒకటి వేశాను.

డాక్టర్ మెల్లగా మిగతాది చెప్పింది. ఇది వంశంలో వస్తుంది. తల్లి దగ్గర ఒక పాలు, తండ్రి దగ్గర ఒక పాలు దాగి ఉంటుంది, పైకి ఏమీ కనిపించదు. రెండు పాళ్లూ ఒక పిల్లలో కలిస్తే కన్ను ఉబ్బుతుంది. దాయాదులను దాయాదులకే ఇచ్చుకుంటూ పోవడంతో మా వాడు ఆ పాళ్లను వెతికి వెతికి కలిపాడన్నమాట. పైకి బాగున్నవాటిలో కూడా అది ఉండొచ్చు. వాటినీ పిల్లలు పెట్టనివ్వకూడదు. ఒత్తిడి ఉన్నప్పుడు తల పగిలిపోయేంత నొప్పి, అందుకే తిండి వదిలేయడం, గోడకు తల ఆనించడం.

ఇకిన్ కుర్చీ లాక్కుని డాక్టర్ ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత చిన్న గొంతుతో, "మరి నావి కూడా...?" అని తన కళ్లు చూపించాడు.

డాక్టర్ వాడి కళ్లలోకీ లైటు వేసింది. వాడు తల అటూ ఇటూ తిప్పి, కుర్చీ మీదనుంచి పడబోయాడు. "మీకేమీ లేదు మాంగ్. నేను కుందేళ్ల డాక్టర్ని, అయినా చెబుతున్నాను. నిద్రపోండి, చాలు."

ఆమె వెళ్లాక వాడు పాక్ విర్యాకు ఫోన్ చేశాడు. నా ముందే చేశాడు, స్పీకర్ పెట్టి. సంగతి చెబితే ఆ పెద్దమనిషే వద్దంటాడని, ఆ వద్దు తన నోటితో అనాల్సిన పని తప్పుతుందని వాడి ఆశ. నాకు తెలియదా ఏం, వాడి పాలపళ్లు ఊడినప్పటినుంచీ చూస్తున్నాను.

పాక్ విర్యా అంతా విని హాయిగా నవ్వాడు. "అయితే ఏంటి మాంగ్? కొనేవాళ్లు కుందేలుతో పేపరు చదివిస్తారా? చూడ్డానికి బాగుంటే చాలు. ఆదివారం వస్తున్నాను. బోర్డులు కూడా రాయించేశాను, మీ పేరు ఎర్ర రంగులో."

ఫోన్ పెట్టేశాక ఇకిన్ నావైపు చూడలేదు. "ఎర్ర రంగులోనట" అన్నాడు. అంతే, భోజనానికి కూడా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాన. గిరాకీ లేదు. వాడికి అన్నం పట్టుకుని పాకలోకి వెళ్లాను. ముందు కనిపించలేదు. తర్వాత చూస్తే, పెద్ద బోనులో, గడ్డి మీద, యాభై ఏళ్ల మగాడు మోకాళ్ల మీదా చేతుల మీదా ఉన్నాడు. లుంగీ తీసి కళ్లకు గంతలు కట్టుకున్నాడు. కింద నిక్కరు. నుదురు గోడకు ఆనించాడు. పక్కనే బెలో, అది కూడా నుదురు గోడకు ఆనించుకుని. ఇద్దరూ ఒకే బడిలో గోడవైపు తిప్పి శిక్ష వేసిన పిల్లల్లా ఉన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. నోరు నొక్కుకుని, చప్పుడు చేయకుండా వెళ్లి, వాడి వీపు మీద చెయ్యి వేశాను. కెవ్వుమంటాడనుకున్నాను. అనలేదు. రాయిలా బిగుసుకుపోయాడు. ఊపిరి కూడా ఆపేశాడు.

"ఒరేయ్, నేనురా."

"తేతే?" వాడు గంతలు విప్పలేదు. "నేనిప్పుడు నీకు చాలా సాధువులా కనిపించాను కదా?"

"సాధువులా కాదు, సన్నాసిలా కనిపించావు. లే!"

"భయమేసింది తేతే. ఎవరో తెలియదు, ఎటునుంచో తెలియదు. పరిగెడదామంటే ఎటు పరిగెత్తాలో తెలియదు. అందుకే కదల్లేదు." వాడు చేత్తో తడుముకుని బెలో వీపు వెతుక్కున్నాడు. బెలో బిగుసుకుపోయింది. "వచ్చిన ప్రతి పిల్లదాని చేతా దీన్ని తడిమించాను. సాధువు, సాధువు అని నేనే చెప్పాను. అంతసేపూ ఇది భయంతో చచ్చిపోతూ ఉంది తేతే."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అన్నం గిన్నె ఠక్కున పెట్టి, "ముందు తిను, తర్వాత ఏడు" అన్నాను. కానీ ముందు నేనే ఏడ్చాను. ఆ వెర్రివెధవ కళ్లకు గంతలతోనే నా అన్నం తిన్నాడు, సగం కుందేళ్ల మీద పడింది.

ఆ సాయంత్రమే డాక్టర్ రెంగ్గనిస్‌ను మళ్లీ పిలిచాడు. పాకలో మగవాటన్నిటికీ, పైకి బాగున్నవాటితో సహా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయాలన్నాడు. ఆదివారం లోపలే చేయాలన్నాడు.

"అంత తొందరేంటి మాంగ్?"

"ఆదివారం ఆయన నా మొహం చూసి 'ఎర్ర రంగు' అన్నాడంటే నేను ఇచ్చేస్తాను డాక్టరమ్మా. నా సంగతి నాకు తెలుసు."

ఆమె మారుమాట లేకుండా కత్తెర మరిగించింది. బెలో కళ్లు రెంటినీ కూడా తీసేయక తప్పలేదు. చూపు ఎలాగూ లేదు, నొప్పి మాత్రం ఉంది. ఆ పని జరుగుతున్నంతసేపూ ఇకిన్ నా కొట్టులో కూర్చుని నా పుల్లలన్నీ విరిచేశాడు.

ఇక ఆదివారం. మావైపు మగపిల్లాడికి సున్తీ జరిగితే పసుపు అన్నం వండి, వీధి వీధంతా పిలిచి, పెళ్లంత విందు చేస్తారు. మా ఇకిన్‌కు పిల్లలు లేరు కదా, ఆ విందు వాడింట ఎన్నడూ జరగలేదు. ఇన్నాళ్ల ముచ్చట ఒక్కసారిగా తీర్చుకున్నాడు. పాక ముందు షామియానా, మైకు, కుర్చీలు. బోన్లకు రంగు కాగితాలు. ఇరుగుపొరుగు మంచి బట్టలు కట్టుకుని వచ్చేశారు, ఎవరికో తెలియకుండానే. తెలిశాక తిడుతూ తిన్నారు. నేను ఆ రోజు కొట్టు మూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోడి కూర వండాను. ఆ పూట పెళ్లికొడుకులే కుందేళ్లు, వాటి ముందు కుందేలు వడ్డించడానికి నాకూ మనసు రాలేదు.

సరిగ్గా విందు మధ్యలో పాక్ విర్యా బండి దిగాడు. జనాన్ని చూసి మురిసిపోయాడు, తన కోసమే అనుకున్నాడు కాబోలు.

"ఎవరికి మాంగ్ సున్తీ?"

"బెలోకు సార్. దాని అన్నదమ్ములకు, పెదనాన్నలకు, తాతకు. కాస్త పెద్ద సున్తీయే చేయించాం. మొత్తం తీసేశారు."

పాక్ విర్యా నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "ఒక్క మగది కూడా మిగల్లేదా?"

"నేనొక్కణ్ణే మిగిలాను సార్. కళ్లు పెద్దవే. మీకు పనికొస్తానేమో చూడండి."

షామియానా కింద అందరూ పగలబడి నవ్వారు. వ్యాపారి నవ్వలేదు. బండిలోంచి ఒక బోర్డు తీసి చూపించాడు. నిజంగానే ఎర్ర రంగు, ఎంత పెద్ద అక్షరాలో. "జావా అంతటా మీ పేరు ఉండేది. చేతులారా పోగొట్టుకున్నారు" అన్నాడు.

ఇకిన్ ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా చదువుకున్నాడు. వేలితో తడిమాడు కూడా. "చాలా బాగుంది సార్" అన్నాడు. "కానీ ఆ పేరు పెట్టుకున్నవన్నీ గోడలకు తల ఆనించుకుని కూర్చుంటాయి. నావల్ల కాదు. ముందు భోంచేయండి, కోడి చల్లారిపోతోంది."

ఆయన భోంచేయకుండానే వెళ్లిపోయాడు. బోర్డును మాత్రం విసురుగా మా గుమ్మంలో పారేసి పోయాడు, ఎవరికి పనికొస్తుంది మరి.

జనం వెళ్లాక ఇకిన్ కుర్చీలు మడతపెడుతూ మధ్యలో ఆగిపోయాడు. "నాకు అదొక్కటే ఉండేది తేతే" అన్నాడు. వాడి తల నిమిరాను. వాడి జుట్టు నిమిరి నలభై ఏళ్లయి ఉంటుంది, ఇద్దరికీ సిగ్గేసింది.

"దాని పేరు మార్చాలిరా. కళ్లే లేనిదాన్ని బెలో అంటే వెక్కిరించినట్టుంటుంది" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

వాడు బెలోను ఒళ్లోకి తీసుకున్నాడు. కుట్లు మానుతున్నాయి. అది వాడి పూల అద్దకపు బాతిక్ చొక్కా బొత్తాన్ని కొరికి చూసి, నచ్చక, పసుపు అన్నం పళ్లెంలో మూతి పెట్టింది. ఎంత ఆబగా తిందో! ఆపకపోతే పొట్ట పగిలేది. వాడు పళ్లెం లాక్కుంటే వేలు పట్టుకుని కసుక్కున కొరికింది.

"అబ్బ! సాధువుట సాధువు!" అని రక్తం చీకుతూ వాడు నవ్వాడు. కాసేపు ఆలోచించి, "ఇకిన్ అని పెట్టేస్తాను తేతే" అన్నాడు.

ఆ ఎర్రక్షరాల బోర్డులో 'బెలో' ఉన్న ముక్క కోసేసి, 'ఇకిన్' ఉన్న ముక్కను దాని బోను తలుపుకు మేకులు కొట్టాడు. ఇప్పుడు భోజనం వేళకు రోడ్డు ఇవతల నుంచి "ఇకిన్!" అని కేకవేస్తే రెండు తలలు నావైపు తిరుగుతాయి. కళ్లున్నవాడు మాత్రం ఇప్పటికీ గిన్నెకు తగులుకునే వస్తాడు.